ముప్పావు అంగుళం మర్యాద

ఈ ఏడాది మీలో ఒక మంచి గుణం పెంచుకోవాలని ఉందా? కొత్త డైరీ కొనకండి. తెల్లవారుజామున నాలుగింటికి అలారం పెట్టుకోకండి. పెరట్లో గబ్బిలాలకు ఒక చెక్కపెట్టె కట్టండి. చిల్లకూరు మండలంలో ఇంటి వెనక కాస్త జాగా ఉన్న ప్రతి ఒక్కరికీ నేనిచ్చే సలహా ఇదే.

వ్యక్తిత్వ వికాసానికీ గబ్బిలానికీ ఏం సంబంధం అంటారా? చాలా ఉంది. మనం చేసే సాయంలో ఎక్కువ భాగం మన కొలతలతోనే చేస్తాం. పిల్లాడికి మనం చదవాలనుకుని చదవలేకపోయిన కోర్సు, అమ్మకు మనకు నచ్చిన రంగు చీర, ఊరికి మన పేరు చెక్కిన సిమెంటు బల్ల. పుచ్చుకున్నవాళ్లు మొహమాటానికి బాగుందంటారు, మనం పొంగిపోతాం. గబ్బిలం దగ్గర మొహమాటం నడవదు. దానికి కావలసిన సందు ముప్పావు అంగుళం. మీరు ఎంతో ప్రేమగా, విశాలంగా ఉండాలని మూడంగుళాలు వదిలితే అది లోపలికి తొంగిచూసి వెళ్లిపోతుంది. ఎదుటివాళ్లకు ఏం కావాలో వాళ్ల కొలతలోనే తెలుసుకుని, ఆ కొలతకు మన చేతిని తిప్పుకోవడం ఒక విద్య. దాన్ని ఇంత నిక్కచ్చిగా నేర్పే పని మరొకటి నాకు కనపడలేదు.

ముందు వచ్చే అతిథి ఎవరో తెలియాలి. మర్రికో చింతకో పగలంతా తలకిందులుగా వేలాడే పెద్ద గబ్బిలాలు పండ్లు తినేవి. వాటికి చెట్టే కావాలి, పెట్టెలో దూరవు. మనం పిలిచేది చిన్నవాటిని. దీపాలు పెట్టే వేళ చెరువు మీదా వీధిదీపం చుట్టూ గిరికీలు కొడుతూ పురుగుల్ని పట్టుకుతినేవాటిని. మన దేశంలో సుమారు 130 జాతుల గబ్బిలాలున్నాయి, ఎక్కువ భాగం ఈ పురుగులు తినేవే. వాటిలో ఒకదానికి మన తీరం పేరే పెట్టారు: పిపిస్ట్రెల్లస్ కోరమాండ్రా. కోరమాండల్ తీరంలో పుదుచ్చేరి దగ్గర దొరికిన జీవికి 1838లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఆ పేరు పెట్టాడు. అదే తీరం ఉత్తరానికి సాగి మన ఊరి పక్కనుంచి పోతుంది. కాబట్టి పెట్టెలోకి వచ్చేది పరాయి ప్రాణి కాదు, మన తీరం పేరు మోస్తున్న చుట్టమే.

బరువు ఐదు గ్రాములకు అటూ ఇటూ. మన చెవికి అందనంత సన్నని కేకలు వేస్తూ, ఎదురుగా తగిలి తిరిగొచ్చే చప్పుడును బట్టి చీకట్లో దారినీ తిండినీ తెలుసుకుంటుంది. పురుగుకు దగ్గరయ్యేకొద్దీ ఆ కేకల మధ్య ఎడం తగ్గిపోయి, చివరి క్షణంలో సెకనుకు వందకు పైగా పడతాయి. అప్పుడు తోకకూ కాళ్లకూ మధ్యనున్న పొరను దొప్పలా మడిచి, అందులో పురుగును ఒడిసిపట్టి, ఎగురుతూనే తల వంచి నోట్లో వేసుకుంటుంది. ఓ సాయంత్రం ఫోను లోపల పెట్టి డాబా మీద అరగంట కూర్చోండి. గాల్లో ఉన్నట్టుండి అది పల్టీ కొట్టినట్టు కనిపిస్తే, అక్కడొక పురుగు పోయిందన్నమాట.

ఇది ఎక్కడుండేది? పెంకుల కింద, గుడిగోపురం పగుళ్లలో, పాత మిద్దె వాసాల సందుల్లో. పసుపు ఛాయ ఉండే మరో జాతి తాటిచెట్టుకు ఎండి వేలాడే ఆకుల మధ్యే కాపురం పెడుతుంది. ఇప్పుడు పెంకులు పోయి శ్లాబులొచ్చాయి, సందు లేని గోడలొచ్చాయి. చిల్లకూరు, కోట మండలాల్లో రానున్న పారిశ్రామిక నగరం క్రిస్ సిటీకి 2025 జనవరి 8న విశాఖపట్నం నుంచి ప్రధాని శంకుస్థాపన చేశారు. మన పిల్లలకు పనులొస్తాయి, రావాలి కూడా. కానీ రోడ్డు పడేచోటా ప్లాట్లు వేసేచోటా మొదట కూలేది తాటిచెట్టే. పెరడున్నవాళ్ల బాధ్యత అందుకే ఇంకొంచెం పెరిగింది. అసలు మొదటి పని పెట్టె చేయించడం కాదు. మీ చేనుగట్టున తాటిచెట్టుంటే ఎండాకులు కోయించకండి, కింద నిప్పు పెట్టకండి. ఉన్న ఇల్లు కూల్చేసి పక్కనే సత్రం కట్టించి పుణ్యం వచ్చిందనుకుంటే ఎలా?

ఇక భయాల సంగతి. గబ్బిలం ఇంట్లోకి వస్తే కీడని పెద్దవాళ్లు అనడం మనందరం విన్నదే. ఉబ్బసానికి దాని మాంసం మందని నమ్మి చంపేవాళ్లూ ఉన్నారు. ఆ నమ్మకానికి వైద్యంలో ఆధారం లేదు. ఉబ్బసానికి డాక్టరున్నాడు, ఇన్‌హేలరుంది. చట్టం కూడా చాలాకాలం చిన్నచూపే చూసింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్లు తినే గబ్బిలాలను కాకులు, ఎలుకలతో కలిపి హానికర జంతువుల జాబితాలో వేసింది. ఆ జాబితా మొత్తాన్ని 2022 సవరణలో తీసేశారు. చట్టానికి యాభై ఏళ్లు పట్టిన పని మన కవి ఎప్పుడో చేశాడు. 1941లో వచ్చిన గుర్రం జాషువా ‘గబ్బిలం’ కావ్యంలో, గుడి గడప తొక్కనివ్వని మనిషి తన గోడును కాశీలో ఉన్న శివుడికి చేరవేయమని గబ్బిలాన్నే వేడుకుంటాడు. గుడిలోకి ఎవరి అనుమతీ లేకుండా వెళ్లగల ప్రాణి అది. తెలుగులో ఇంత పెద్ద బాధ్యత మోసిన జీవికి మన గోడ మీద రెండడుగుల చోటివ్వడానికి జంకెందుకు?

భయంలో నిజం ఉన్నంత మేరకు జాగ్రత్తా ఉండాలి. 2018లో కేరళను వణికించిన నిపా వైరస్ పండ్ల గబ్బిలాల్లో ఉంటుంది. అందుకే కల్లు కుండకు మూత కట్టించండి, గబ్బిలం కొరికిన జామకాయ పారేయండి. చిన్నదైనా పెద్దదైనా ఏ గబ్బిలాన్నీ ఉత్త చేత్తో ముట్టుకోకండి. కరిచినా గీరినా సబ్బునీళ్లతో పావుగంట కడిగి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగండి. రెట్ట ఊడ్చేముందు నీళ్లు చిలకరించి, మూతికి మాస్కు కట్టుకోండి. పెట్టె బావి మీదకు, వంటింటి కిటికీ మీదకు, పిల్లలు పడుకునే పంచ మీదకు రాకూడదు.

ఈ పనిలో ఎలా నేర్చుకోవాలో, ఎలా నేర్చుకోకూడదో చెప్పడానికి అమెరికాలో రెండు గోపురాల కథలున్నాయి. టెక్సాస్ రాష్ట్రం శాన్ ఆంటోనియోలో చార్లెస్ కాంప్‌బెల్ అనే డాక్టరుండేవాడు. మలేరియా రోగుల్ని చూసి చూసి, దోమల్ని తినడానికి గబ్బిలాల్ని పిలుద్దామనుకున్నాడు. మొదట పిట్టలకు పెట్టినట్టు చిన్న పెట్టెలు పెట్టాడు. ఒక్కటీ రాలేదు. తర్వాత ఐదొందల డాలర్లు పోసి పెద్ద గోపురం కట్టించాడు. ఆ రోజుల్లో అది చాలా డబ్బు. అందులోకి పిచ్చుకలు చేరాయి గానీ గబ్బిలాలు రాలేదు. చాలామంది ఇక్కడ రెండు పనుల్లో ఒకటి చేస్తారు: మానేస్తారు, లేదా ఇంకా పెద్దది కడతారు. కాంప్‌బెల్ ఆ గోపురాన్ని పీకించి గుహలకు వెళ్లిపోయాడు. గబ్బిలాలు గోడను ఎలా పట్టుకుంటున్నాయి, ఎంత ఇరుకులో ఒదుగుతున్నాయి, ఎప్పుడు బయటికొస్తున్నాయి, ఇవన్నీ కూర్చుని చూశాడు. తెలిశాకే 1911లో మిచెల్ చెరువు ఒడ్డున కొత్త గోపురం లేపాడు. ఈసారి వచ్చాయి, వేలకొద్దీ వచ్చాయి. 1925లో ఆ అనుభవమంతా పుస్తకంగా రాశాడు.

ఆయన నమూనా కొనుక్కుని 1929లో ఫ్లోరిడాలో పెర్కీ అనే వ్యాపారి, సముద్రం మధ్య షుగర్‌లోఫ్ అనే చిన్న దీవిలో, అలాంటి గోపురమే కట్టాడు. చేపల వేటకొచ్చే అతిథుల్ని దోమలు తరిమేస్తున్నాయని ఆయన బాధ. కట్టడం అదే, కొలతలు అవే, ఖర్చుకు వెనకాడలేదు. గబ్బిలాలు మాత్రం అక్కడ నిలవలేదు. 2017లో ఇర్మా తుఫాను పడగొట్టేదాకా ఆ గోపురం ఖాళీగానే నిలబడింది. ఒకరు కష్టపడి నేర్చుకున్నదాన్ని మరొకరు డబ్బిచ్చి తెచ్చుకుంటే నమూనా వస్తుంది, చూపు రాదు. మన ఊళ్లో కోచింగులకు పోసే డబ్బు గురించి కూడా ఇదే మాట చెప్పాలని ఉంది, అది ఇంకో వ్యాసం.

మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉంది. అక్కడి భార్గవి శ్రీనివాసులు, తెలుగు వినిపించే కోలారు జిల్లాలో హనుమనహళ్లి గుహల్లోని ఒక అరుదైన గబ్బిలం జాతి కోసం ఏళ్ల తరబడి పనిచేశారు. ప్రపంచంలో మరెక్కడా లేని ఆ జాతిలో మిగిలినవి రెండొందల లోపే. పక్కనే గ్రానైటు తవ్వకాలు. ఆ గబ్బిలాలు ఎక్కడ ఉంటాయో, ఎన్ని ఉన్నాయో ముందు ఓపిగ్గా తెలుసుకున్నారు కాబట్టే రక్షణ అడగడానికి చేతిలో ఆధారం దొరికింది.

సరే, పెట్టె దగ్గరికొద్దాం. పని తెలిసిన వడ్రంగికి ఒక పూట పని. వెనక పలక రెండున్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. ముందు పలక అదే వెడల్పులో రెండడుగులు. కిందికి మిగిలిన అరడుగే గుమ్మం. గబ్బిలం వచ్చి దాని మీద వాలి, పైకి పాకి లోపలికి వెళుతుంది. రెండు పలకల మధ్య, అంచుల్లో ముప్పావు అంగుళం మందం బద్దలు బిగిస్తే సందు తయారు. మధ్యలో ఇంకో రెండు పలకలు నిలబెట్టి మూడు అరలు చేస్తే మరీ మంచిది. ఒక అర వేడెక్కితే పక్క అరకు మారతాయి. అడుగు వేయకూడదు. “ఏంది నా, అడుగు లేకుండా పెట్టె చేయమంటావు?” అని వడ్రంగి అడుగుతాడు, అడగనివ్వండి. అడుగుంటే రెట్ట లోపలే పేరుకుంటుంది, పిచ్చుకలూ ఉడతలూ గూడు పెడతాయి. తెరిచి ఉంటే రెట్ట కిందికి రాలిపోతుంది, గబ్బిలం రెక్క విప్పి నేరుగా గాల్లోకి జారుతుంది.

అసలు పని లోపలి ముఖానిది. చిత్రిక పట్టి పలకను అద్దంలా నునుపు చేయడం వడ్రంగికి గొప్ప. ఇక్కడ ఆ గొప్పను పక్కన పెట్టమని మీరు దగ్గరుండి బతిమాలాలి. పలకను బల్ల మీద పరిచి, రంపం పళ్లతో అడ్డంగా, అరంగుళానికొక గాడి చొప్పున పైనుంచి కిందిదాకా గీయించాలి. లోతు అక్కర్లేదు, మిల్లీమీటరు చాలు. గుమ్మం పలకకు కూడా గాళ్లుండాలి. గీశాక మీ గోటిని పైనుంచి కిందికి లాగి చూడండి, ప్రతి గాడిలోనూ తట్టుకోవాలి. ఎక్కడ జారితే అక్కడ మళ్లీ గీయించండి. గబ్బిలం కాలివేళ్లకు ఆ గాడే ఆధారం. ఇనుప వల కొట్టి సరిపెట్టే సులువు దారి వద్దు, రెక్కలు చీరుకుపోతాయి. ఒకసారి బిగించాక ఈ గాళ్లు ఎవరికీ కనపడవు. చూసినవాళ్లంతా బయటి రంగునే మెచ్చుకుంటారు. మెప్పు రాని చోట కూడా అంతే శ్రద్ధ పెట్టడం ఈ ఒక్క పూటలో అలవడుతుంది, ఆ తర్వాత మీ ఆఫీసు ఫైల్లోనూ మీ వంటింటి అలమరలోనూ తేడా కనిపిస్తుంది.

చెక్క విషయంలో ఒక్క మాట. చెదల మందు పట్టించిన పలక వద్దు, ఆ వాసన వాటికి విషం. బయటి వాడకానికి తట్టుకునే ప్లైవుడ్ చాలు. మన ఉప్పుగాలికి ఇనుప మేకు నిలవదు, స్టెయిన్‌లెస్ స్టీలు మరలు వాడండి. లోపల ఏ రంగూ వేయకండి.

బయట వేసే రంగు దగ్గరే చాలామంది తప్పుదారి పడతారు. ఇంగ్లీషు పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ పెట్టెకు ముదురు రంగు వేయమంటారు, రోజుకు ఆరేడు గంటలు ఎండ తగిలేలా దక్షిణం వైపు పెట్టమంటారు. అవి చలిదేశాల్లో రాసినవి, అక్కడ సరైనవే. వాటిని మక్కీకి మక్కీ మన దగ్గర పాటిస్తే, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో లోపలున్న తల్లీపిల్లా ఉడికిపోతాయి. గబ్బిలాలకు హాయి 27 నుంచి 38 డిగ్రీల దాకా. 40 దాటితే ప్రమాదం మొదలు. అందుకని మనకు తెల్ల రంగు. తూర్పు గోడ, ఉదయం తొమ్మిదింటిదాకా ఎండ, ఆ తర్వాత సన్‌షేడ్ నీడ. ముందు పలకకు కిందినుంచి అరడుగు ఎత్తులో అరంగుళం వెడల్పున అడ్డంగా ఒక చీలిక పెడితే మధ్యాహ్నం సముద్రపు గాలి లోపలికి ఆడుతుంది. బిగించే ముందే ఓ మే నెల మధ్యాహ్నం అదే చోట ఖాళీ పెట్టె వేలాడదీసి, లోపలొకటి బయట నీడలో ఒకటి థర్మామీటర్లు పెట్టి చూడండి. లోపల వేడి బయటికంటే రెండు డిగ్రీలు మించి ఉంటే ఆ చోటు పనికిరాదు. వేరే గోడ వెతకండి. ఎవరి సలహా అయినా సరే, అది ఏ ఎండలో పుట్టిందో అడిగి తీసుకోవాలి. ఉద్యోగం, పెళ్లి, పిల్లల పెంపకం, అన్నింటికీ మనం ఇంకెవరి వాతావరణంలోనో పుట్టిన సలహాలే అరువు తెచ్చుకుంటున్నాం.

ఎత్తు పన్నెండు నుంచి పదిహేను అడుగులు. ముందు కొమ్మలూ తీగలూ అడ్డం ఉండకూడదు, ట్యూబులైటు మీద పడకూడదు, పిల్లి ఎక్కే దారి ఉండకూడదు. చెరువో కాలువో నాలుగొందల మీటర్లలో ఉంటే మేలు. మన దగ్గర నీటికి కొదవేముంది. తీగకట్టి వేలాడదీయకండి, బోల్టులతో గోడకు బిగించండి. మన వానల్లో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరులోపే, అదీ సముద్రం మీంచి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటేముందు మిచౌంగ్ తుఫాను మన నెల్లూరు తీరాన్ని ఎలా ఊపేసిందో తెలిసిందే. పెట్టె పైకప్పు మూడంగుళాలు ముందుకు రావాలి, పై కీళ్లలో నీరు దిగకుండా లప్పం నింపాలి.

ఇప్పుడు కష్టమైన భాగం. ఎదురు చూడకుండా ఎదురు చూడటం. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు 1991లో తమ ప్రాంగణంలో గబ్బిలాల కోసం పెద్ద ఇల్లు కట్టి, స్టేడియంలో ఉంటున్నవాటిని పట్టి తెచ్చి అందులో పెట్టారు. రాత్రికి రాత్రే వెళ్లిపోయాయి. ఇల్లు ఖాళీగా ఉండిపోయింది. మూడేళ్లు దాటాక, 1995లో, ఎవరూ పట్టి తేకుండా వాటంతట అవే వచ్చి చేరాయి. ఇప్పుడక్కడ లక్షల్లో ఉన్నాయి. మనవాళ్లకు ఇది బాగా పట్టాల్సిన సంగతి. పిల్లాడికి పుస్తకం కొనిచ్చి మర్నాడే ఎన్ని పేజీలు చదివావని అడుగుతాం. కొడుకూ కోడలికి వేరే గది వేయించి, వారం తిరక్కుండానే అందులో సర్దిన తీరు మీద తీర్పు చెబుతాం. చోటిచ్చాక తలుపు కొట్టకపోవడం కూడా మర్యాదలో భాగమే. టార్చి వేసి పైకి చూడకండి, కర్రతో తట్టకండి. వచ్చాయో లేదో కింద నేలే చెబుతుంది. ఎలుక పెంటికలాంటివి కనిపిస్తే పుల్లతో నొక్కండి. గట్టిగా ఉంటే ఎలుకది. పొడిపొడిగా రాలి, పురుగుల రెక్కల ముక్కలు తళుక్కుమంటే గబ్బిలానిది. కింద అరటో కరివేపాకో నాటి ఉంటే దానికి ఎరువు.

లాభం ఏమిటని అడిగేవాళ్లకు నిజాయితీగా చెప్పాలి. పెట్టె పెట్టినంత మాత్రాన డెంగీ పోదు. డెంగీ దోమ పగలు కుడుతుంది, గబ్బిలం రాత్రి తిరుగుతుంది. నీళ్ల తొట్టి కడగడం, కొబ్బరిచిప్ప బోర్లించడం మీ పనే. రాత్రి తిరిగే దోమల్ని కొన్ని తింటాయి. అసలు మేలు మాత్రం వరిచేనుకు. స్పెయిన్‌లో ఎబ్రో నది డెల్టా వరి పండే చోటు, మన మొలగొలుకుల నేలలాంటిదే. అక్కడ వరికి కాండం తొలిచే పురుగు బెడద. పొలాల మధ్య గబ్బిలాల పెట్టెలు పెట్టారు. వాటిలో చేరింది మన తీరపు గబ్బిలానికి దాయాదే. ఏళ్లు గడిచేకొద్దీ పెట్టెలు నిండాయి, పురుగు తగ్గింది, మందు కొట్టాల్సిన అవసరం లేనంతగా తగ్గిందని అక్కడి పరిశోధకులు 2015లో ప్రకటించారు. థాయిలాండులో వరిదోమను తినే గబ్బిలాల మీద 2014లో వచ్చిన లెక్క ప్రకారం, అవి కాపాడే బియ్యం ఏటా ఇరవై ఆరు వేల మందికి తిండి. తెల్లకంకి, దోమపోటు మాటలు వినగానే గుండె గుభేలుమనే రైతుకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు. ఒక్క పెరట్లో ఒక్క పెట్టెతో ఇదంతా జరగదు. వీధిలో పదిమంది పెడితే, చేలగట్ల మీద మరో పాతిక నిలబడితే ఆలోచించవచ్చు.

పదిమందీ ఒక ప్రాణికి చోటివ్వడం మన జిల్లాలకు కొత్త కాదు. మన హైవే మీద దక్షిణంగా వెళితే దొరవారిసత్రం దగ్గర నేలపట్టు. 1976లో ప్రభుత్వం పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించకముందు నుంచే అక్కడి జనం గూడబాతుల్ని ఊరి ఆడపడుచుల్లా చూసుకున్నారు. వాటి రెట్ట కలిసిన చెరువునీళ్లు పొలాలకు బలమని వాళ్లకు తెలుసు. వాళ్లకెవరూ వ్యక్తిత్వ వికాస తరగతులు చెప్పలేదు.

పని మొదలుపెట్టడానికి వానలు వెనకబట్టిన జనవరి మంచిది. చెక్క బాగా ఆరుతుంది, వేసవిలో వేడి పరీక్షకూ వ్యవధి ఉంటుంది. ఏటా ఓసారి, పెట్టె ఖాళీగా ఉందని తేల్చుకున్నాకే, కందిరీగ తుట్టెలుంటే తీసేయండి, కీళ్ల లప్పం సరిచూడండి. గబ్బిలం పిల్ల కింద పడితే చేత్తో ఎత్తకుండా మందపాటి గుడ్డతో అట్టపెట్టెలోకి తీసి అటవీశాఖ వాళ్లకు చెప్పండి. మూడు వేసవులు గడిచినా ఎవరూ రాకపోతే పెట్టెను దించి, రంపపు గాళ్లు మరోసారి గోటితో చూసుకుని, ఇంకో గోడకు మార్చండి. ఆ లోపు తాటి ఎండాకుల జోలికి పోకండి.